అత్తకు వత్తు

ఏరు గట్టు తెంచుకుని కార్ఖానాలోకి నడుం లోతు నీళ్లొచ్చిన ఏడాదికి పై ఏడు జరిగిన సంగతి ఇది. అక్కడివాళ్లు ఇప్పటికీ ఏళ్లు అలాగే లెక్కపెడతారు. వరదకు ముందు, వరదేడు, వరద పైఏడు.

ఆ కార్ఖానాలో కరెంటు ప్యానెళ్లు చేస్తారు. మనిషెత్తు ఇనప బీరువాలు, లోపల నిండా స్విచ్చులూ వైర్లూ. ఎక్కడో మోటారు తిరగాలంటే ముందు ఈ బీరువాలో ఏదో ఒకటి టక్కుమనాలి. కింద వైరింగు హాలు, హాలు పక్కన స్టోరు. మేడ మీద డ్రాయింగు గది.

స్టోరు పెద్దాయనది. యజమాని వేరే ఉన్నాడు గానీ, ముప్పై ఒక్క ఏళ్లుగా ఆ అరల మధ్య తిరిగేది పెద్దాయనే. మాట పొదుపు. అవునంటే "ఊఁ", కాదంటే "ఊహూఁ". అందుకని ఆయన పేరు ఊఁ బాబాయి అయింది. నోరు కట్టేస్తే కడుపుబ్బి పోయే రకం వైరింగు మేస్త్రి. "బాబాయి నోట్లోంచి మాట తీయడం కంటే తుప్పు పట్టిన బోల్టు తీయడం సులువు. దానికైతే నూనె పోయొచ్చు" అనేవాడు.

పెద్దాయన బడికి పోయింది మూడేళ్లు. మూడో ఏడు, వత్తుల పాఠం సగంలో ఉండగా మానేశాడు. అక్షరాలు వచ్చు, గుణింతాలు వచ్చు, వత్తులు రావు. ఆ సంగతి ఇంట్లో గానీ బయట గానీ ఎవరికీ తెలియదు. మాట్లాడని మనిషి రాత ఎవరడుగుతారు? చీటీ రాయాల్సి వస్తే వత్తు లేని మాట వెతుక్కునేవాడు. అన్నం తిన్నావా అని రాయాల్సి వచ్చిననాడు తిని పడుకో అని రాసేవాడు.

వరద వచ్చిన పూట నీళ్లు గుమ్మం దాకా వచ్చేసరికి అందరూ కలిసి అట్టపెట్టెలు చింపి, సామాను గోనెసంచుల్లో కుమ్మరించి మేడ మీదికి మోశారు. సామాను దక్కింది. పెట్టెలూ, వాటి మీది చీటీలూ ఏటిపాలయ్యాయి. నీళ్లు తీశాక చూస్తే డెబ్భై సంచుల సామాను కలగాపులగంగా ఉంది. ముక్కల మీద అచ్చు ఆవగింజంత, అదీ ఇంగ్లీషులో.

పెద్దాయన ఎవరినీ పిలవలేదు. ఒక్కొక్క ముక్క తీసి, ఏది ఏ దానికి పడుతుందో చేత్తో పెట్టి చూశాడు. పడితే పక్కన పెట్టాడు, పడకపోతే ఇంకొకటి తీశాడు. నాలుగు నెలలు పట్టింది. పట్టినవన్నీ ఒక ఇల్లుగా ఒక అరలో సర్దాడు. ఇల్లన్నాక చుట్టరికాలు ఉండాలి కదా. అరల వరసలకు మనుషుల వరసలు పెట్టుకున్నాడు.

మోటారుకు కరెంటు ఇచ్చేది, తీసేసేది కాంటాక్టరు. ఇంట్లో పొద్దస్తమానం లేచి పడి చాకిరీ చేసేది అదే కాబట్టి అది కోడలు. సైజును బట్టి చినకోడలు, నడిపికోడలు, పెదకోడలు. మిగతావాటికీ అలాగే ఏదో ఒక వరస కలిపాడు. పాత మీటరు రీడింగుల పుస్తకం ఒకటి వరదలో తడిసి గోధుమరంగుకు తిరిగి ఉంటే, దాని వెనక పేజీల్లో ఇవన్నీ రాసుకుని బల్ల సొరుగులో పెట్టి తాళం వేశాడు.

ఇక అసలు కోడలు సంగతి. పెద్దాయన కొడుకు లారీ నడుపుతాడు, వెళితే పదిహేను రోజులు రాడు. ఆ కొడుకు భార్యే డ్రాయింగు గదిలో ప్యానెళ్ల బొమ్మలు గీస్తుంది. మామా కోడలూ ఒకే బస్సులో వచ్చి ఒకే బస్సులో పోతారు. ఆ పిల్ల యజమాని వెంటపడి, బతిమాలి, కొత్త సాఫ్ట్‌వేరు ఒకటి కొనిపించింది. "కంపెనీ సామాను లిస్టు కంప్యూటర్లోనే ఉంది కదా సార్. దానికీ దీనికీ లింకు కలిపితే, నేను మోటారు బొమ్మ గీయగానే దానికి కావలసిన ముక్కల చీటీ కింద స్టోరులో అచ్చై పడుతుంది. వెతుకులాట ఉండదు, పొరపాటు ఉండదు" అని మాటిచ్చింది.

లింకు కలిపింది. చీటీలు పడ్డాయి. మొదటి మూడు ప్యానెళ్లకే హాలంతా గోల.

"అమ్మాయ్! ఇటు రామ్మా ఓసారి!" మేస్త్రి కేక మేడెక్కింది. చేతిలో కాంటాక్టరు, రెండో చేతిలో దాని కింద తగిలించే రిలే. "ఆంపియర్లు కలిశాయి తల్లీ. వేళ్లే కలవలేదు. ఇది రమ్మంటే అది రానంటోంది. నేనేమన్నా పంచాయితీ పెద్దనా, వీళ్లకు రాజీ చేయడానికి?"

లిస్టులో నంబర్లున్నాయి, ధరలున్నాయి, కంపెనీ పేర్లున్నాయి. ఈ రిలే ఈ కాంటాక్టరుకే పడుతుందని మాత్రం ఎక్కడా లేదు. సాఫ్ట్‌వేరు గుడ్డిగా ఆంపియర్లు చూసి జత కట్టేసింది.

సోమవారం నాడు యజమాని హాలు నడుమ నిలబడి అందరూ వినేటట్టే చెప్పాడు.

"శుక్రవారం పదకొండింటికి నీటి గేట్ల ఇంజినీరమ్మ వస్తోంది. ఏటి మీద గేట్లన్నిటికీ కొత్త ప్యానెళ్లు. ఆమె కళ్ల ముందు నీ లింకు పనిచేసి, వచ్చిన ముక్కలు ఒకదానికొకటి పడితే సరే. లేదా, డ్రాయింగులు బయట గీయించుకుంటాను. మేడ మీద గదికి తాళం. నువ్వు ఇంకో చోటు చూసుకోమ్మా. నాకు కోపం లేదు. ఓపికే లేదు."

స్టోరు కిటికీలోంచి పెద్దాయన విన్నాడు. కోడలు తల వంచుకుని మెట్లెక్కడమూ చూశాడు. పద్నాలుగు మెట్లు. వరద నాడు సంచులు మోసిన తర్వాత ఆయన ఆ మెట్లెక్కలేదు.

బస్సులో ఇద్దరూ మాట్లాడుకోలేదు. ఆయన ఎలాగూ మాట్లాడడు. ఆ రోజు ఆమె కూడా మాట్లాడలేదు.

అన్నాల దగ్గర అత్తగారు అడిగింది. "ఏంటమ్మా అలా ఉన్నావు? మీ మావయ్య గాలి సోకిందా నీక్కూడా?"

"నాలుగు వేల ముక్కలత్తయ్యా" అంది కోడలు. "అన్నిటికీ నంబర్లున్నాయి. ఏది ఎవరికి ఏమవుతుందో మాత్రం రాసి లేదు. పేర్లున్నాయి, చుట్టరికం లేదు."

పెద్దాయన ముద్ద నోటి దాకా వచ్చి ఆగింది.

చుట్టరికం తన సొరుగులో ఉంది. కానీ అందులో కోడలూ ఉంది, అత్తా ఉంది. ఇంట్లో వాళ్ల మీద ఎగతాళి రాసుకున్నాడనుకుంటారు. అంతకంటే పెద్ద భయం ఇంకొకటి ఉంది. ఆ పుస్తకం నిండా వత్తుల్లేని మాటలు. డిప్లొమా చదివిన పిల్ల చేతిలో అది పెట్టడమంటే పదిమందిలో చొక్కా విప్పి నిలబడ్డట్టే.

ముద్ద మింగాడు.

మంగళవారం పొద్దున ఆమె ఏదో ముక్క కోసం స్టోరు కిటికీ దగ్గరికి వచ్చింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. పెద్దాయన సొరుగు తాళం తీసి, పుస్తకం కిటికీలోంచి ముందుకు తోశాడు.

"ఏంటిది మావయ్యా?"

"చూడు."

ఆమె పేజీ తిప్పింది. రెండు పేజీలు తిప్పింది. నిలబడే చదువుతోంది. "ఇదెవరు రాశారు? మీరా?"

"ఊఁ."

"పెదకోడలు అంటే పెద్ద కాంటాక్టరా? మరి దాని కింద అత్త అని ఉందేం?"

పెద్దాయన అరలోంచి ఓవర్‌లోడు రిలే తీశాడు. మూడు రాగి వేళ్లు ముందుకు పొడుచుకొచ్చి ఉంటాయి దానికి. కాంటాక్టరు కింద పెట్టి పైకి తోశాడు. క్లిక్కుమని పట్టింది.

"కొంచెం వేడెక్కితే చాలు, ఆపేస్తుంది" అన్నాడు.

"ఏది ఆపేస్తుంది?"

"ఇంట్లో పనంతా."

కోడలు నవ్వాపుకోలేక పక్కనున్న వైరు డ్రమ్ము మీద కూలబడింది. కళ్లు తుడుచుకుని, "మరి ఆడపడుచు?" అంది.

కాంటాక్టరు పక్కన తగిలించే పలచటి ముక్క చూపించాడు. "కోడలు లేచినా పడినా పక్కనుండి చెబుతుంది."

"ఎవరికి?"

"అందరికీ."

ఈసారి ఆమె నవ్వలేదు. పుస్తకం మళ్లీ మొదటి పేజీ నుంచి తిప్పింది. ముఖం మారిపోయింది. "మావయ్యా, సాఫ్ట్‌వేరులో ప్రతి ముక్క పక్కనా ఒక గడి ఉంటుంది. దీనికి తోడు ఏది రావాలి అని. అన్నీ ఖాళీగా ఉన్నాయి. అక్కడ నేను వరసలు నింపితే చాలు. గేట్ల పనికి కావలసినవి ఆరువందల ముక్కలే. మీరు చెప్పండి, నేను కొడతాను."

"ఇంగ్లీషు రాదే."

"ఏ భాషయినా పర్లేదు. అక్కడా ఇక్కడా ఒకటే మాట ఉండాలి, అంతే. అక్షరం తేడా వచ్చిందా, దానికి కనబడదు. పక్కనే ఉన్నా పోల్చుకోలేదు."

ఆ పూటే ఆమె చిన్న కంప్యూటరు పట్టుకుని స్టోరులోకి దిగింది. పెద్దాయన ముక్క చేతికిచ్చి వరస చెబితే ఆమె నంబరు చూసి కొట్టేది. సగం పేజీలు కొనుగోళ్ల గుమాస్తాకిచ్చారు. ఆ గుమాస్తాను అందరూ ఉన్నదున్నట్టు అంటారు. సొంతంగా కామా కూడా పెట్టడు. కాగితం మీద ఈగ చచ్చి ఉంటే దాన్నీ నకలు చేసే మనిషి. "చూసి కొట్టడమే కదా. ఉన్నదున్నట్టు కొడతాను" అని పేజీలు పట్టుకుపోయాడు.

రెండు రోజుల్లో పెద్దాయన ముప్పై ఏళ్ల మాటలు మాట్లాడాడు. పిలవగానే రాకుండా కాసేపాగి వచ్చే ఆలస్యం రిలే బావ అయింది. ఇంటికంతటికీ ఒకే పెద్ద స్విచ్చు మామ అయింది. మేస్త్రి పనున్నా లేకపోయినా వచ్చి కిటికీ పట్టుకుని వేలాడేవాడు. "బాబాయ్, మరి నేనెవరిని? నాక్కూడా ఓ వరస పెట్టు."

"హారను."

హాలంతా పగలబడి నవ్వింది. బాబాయి జోకు వేశాడని ఆ మాట ప్యాకింగు వాళ్ల దాకా పోయింది.

బుధవారం సాయంత్రానికి పెద్దాయన గొంతు బొంగురుపోయింది. భార్య వేణ్ణీళ్లు ఇచ్చింది. "ముప్పై ఏళ్లు వాడని గొంతు ఒక్కసారి వాడితే అంతే మరి. సరేగానీ అమ్మాయ్, అత్త అని దేనికో పెట్టారట? మీ మేస్త్రి భార్య సంతలో కనబడి ఇకిలించింది."

పెద్దాయన గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు. కోడలు భయంభయంగానే చెప్పింది, వేడెక్కితే ఆపేస్తుంది అని.

అత్తగారు నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "ఆపకపోతే కొంప తగలబడదూ? ఆ మాత్రం తెలుసు కాబట్టే మీ మోటార్లు తిరుగుతున్నాయి." లోపలికి పోతూ పోతూ వెనక్కి తిరిగి, "పేరు బాగుంది. ఉండనీ" అంది.

శుక్రవారం తొమ్మిదింటికి అంతా కలిపి ఒకసారి నడిపి చూశారు. కోడలు స్టోరు బల్ల మీదే కంప్యూటరు పెట్టుకుని మోటారు బొమ్మ గీసింది. మీట నొక్కింది. అచ్చు యంత్రం కీచుమని చీటీ కక్కింది. కాంటాక్టరు వచ్చింది. ఆడపడుచు వచ్చింది. రిలే రాలేదు.

ఇంకో మోటారు గీసింది. అన్నీ వచ్చాయి. మూడోది గీసింది. మళ్లీ రిలే లేదు.

"ఒకటి వస్తుంది, ఒకటి రాదు. అలిగిందా ఏంటి అత్తగారు?" అన్నాడు మేస్త్రి. ఎవరూ నవ్వలేదు. మేస్త్రి కూడా నవ్వలేదు.

యజమాని వచ్చి వెనక నిలబడ్డాడు. రెండుసార్లు గడియారం చూసుకున్నాడు. గుమాస్తా చెమట తుడుచుకుంటూ, "నా తప్పు లేదు సార్. పుస్తకంలో ఎలా ఉందో అలాగే కొట్టాను. చుక్క తేడా లేదు. కావాలంటే చూసుకోండి" అని పుస్తకం తెరిచి పట్టుకున్నాడు.

కోడలు నంబర్లు సరిచూస్తోంది. పైనుంచి కిందికి, కిందినుంచి పైకి. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. తొమ్మిదీ నలభై. పదీ పది.

పెద్దాయన కూడా తెర వైపు చూస్తున్నాడు. నంబర్లు ఆయనకు గొలుసుకట్టు పురుగుల్లా ఉన్నాయి. వరసల గడి ఒక్కటే చదవగలడు. అందులో పైనుంచి కిందికి కోడలు, అత్త, కోడలు, అత్త, కోడలు, అత.

కళ్లు మళ్లీ వెనక్కి పోయాయి. అత.

చెవులు వేడెక్కాయి. ఆ మాట ఆకారం ఆయనకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. పలక మీద దాన్ని రాయలేకే బడి మానేశాడు. కోడలు చదువుకున్న పిల్ల. పుస్తకంలో అత అని ఉంటే ఆమె కన్ను తనంతట తానే వత్తు పెట్టుకుని అత్త అని చదివింది, అత్త అనే కొట్టింది. ఉన్నదున్నట్టు గుమాస్తా మాత్రం ఉన్నదున్నట్టే, అత అనే కొట్టాడు. ఒక మాటకు రెండు రూపాలు. యంత్రానికి ఆ ఇద్దరూ ఒకరేనని ఎలా తెలుస్తుంది?

అక్కడ యజమాని ఉన్నాడు. గుమాస్తా ఉన్నాడు. నోరాగని మేస్త్రి ఉన్నాడు. చెబితే సాయంత్రానికల్లా ప్యాకింగు వాళ్ల దాకా పోతుంది. చెప్పకపోతే పదకొండింటికి మేడ మీద తాళం పడుతుంది. యాభై ఏళ్లకు పైగా దాచుకున్నది ఇంకో పూట దాచుకోవడం ఆయనకు కష్టం కాదు.

పెద్దాయన వంగి, గోటితో తెర మీద పొడిచాడు.

"ఇది నాది." ఇంకో వరుస మీద పొడిచాడు. "ఇది నీది."

"ఏంటి మావయ్యా?"

"వత్తు" అన్నాడు. బొంగురు గొంతు ఇంకా బొంగురుపోయింది. "నాకు వత్తులు రావు. పుస్తకంలో తప్పు రాశాను. నువ్వు సరిచేసి చదివావు. వాడు సరిచేయలేదు."

కోడలు తెర చూసింది, పుస్తకం చూసింది. ఒక్కసారి కుర్చీలోంచి లేచింది. "అమ్మో! మావయ్యా! మూడు రోజులుగా నా కళ్ల ముందే ఉంది, కనబడలేదే!"

చకచకా కొట్టింది. ఉన్న అతలన్నీ అత్తలు కావాలని ఒక్క దెబ్బతో మార్చింది. ఆత్రంలో, ముందే సరిగ్గా ఉన్న అత్తలకు కూడా ఇంకో త వచ్చి పడింది.

మేస్త్రి తల దూర్చి చూశాడు. "ఇదెవరమ్మా, కింద ఇన్ని వేళ్లాడుతున్నాయి? అత్తగారి అత్తగారా?"

"నువ్వాగు మేస్త్రీ" అని నవ్వుతూనే మళ్లీ సరిచేసింది. సరిచేస్తూ పెద్దాయన వైపు తిరిగి, పదిమందిలో పెద్ద విషయమేమీ కానట్టుగా, "ఇదుగో మావయ్యా, ఈ మీట. రెండు త ల మధ్య దీన్ని నొక్కితే రెండోది కిందికి దిగిపోతుంది. ఇంతే వత్తంటే" అంది.

పెద్దాయన ఆ మీట వంక చూశాడు. ఏ వరసలో ఎన్నోదో చూసుకున్నాడు.

అచ్చు యంత్రం కీచుమంది. కాంటాక్టరు, రిలే, ఆడపడుచు. ఇంకో చీటీ. ఇంకోటి. పదకొండు మోటార్లు గీస్తే పదకొండూ నిండుగా వచ్చాయి. యజమాని చొక్కా పై బొత్తాం తీసుకుని గాలి పీల్చుకున్నాడు.

ఇంజినీరమ్మ పదకొండుకు ఐదు నిమిషాల ముందే వచ్చింది. సన్నగా, పొడుగ్గా, చేతిలో ఇనప టోపీ. కూర్చోమంటే కూర్చోలేదు. మేడ మీద కోడలు పక్కన నిలబడి, "ముప్పై హార్స్‌పవర్ పంపు మోటారు పెట్టండి" అంది. కోడలు గీసింది. కింద స్టోరులో చీటీ పడింది. పెద్దాయన చీటీ చదవలేదు, వరసలు చూశాడు. పళ్లెంలో ముక్కలు సర్ది హాల్లో పెట్టేసరికి ఇంజినీరమ్మ ఇంకా సగం మెట్లు దిగుతోంది. మేస్త్రి ఒక్కొక్కటి తోశాడు. క్లిక్. క్లిక్. క్లిక్.

"ముందే అనుకుని పెట్టుకున్నారేమో" అంది ఆమె. "నాకు కావలసింది గేటు. ఒకే మోటారు గేటును పైకీ లేపాలి, కిందికీ దించాలి. అది గీయండి."

కోడలు గబగబా మేడెక్కింది. రెండు నిమిషాల్లో చీటీ వచ్చింది. ఈసారి దాన్ని ఇంజినీరమ్మే యంత్రంలోంచి లాగి పట్టుకుంది. నడిపికోడళ్లు ఇద్దరు, అత్త ఒకటి, ఆడపడుచులు ఇద్దరు. చివరి వరుస దగ్గర ఆమె కనుబొమ్మలు ముడిపడ్డాయి.

"సవతుల గోడ. ఏంటండీ ఇది?"

యజమాని ముఖం పాలిపోయింది. "అది లోపల మేం వాడుకునే పేరు మేడం. తీసేస్తాం. ఇప్పుడే తీసేయిస్తాను."

"తీసేయమనలేదు. ఏంటని అడిగాను. ఎవరు పెట్టారు?"

అందరూ స్టోరు కిటికీ వైపు చూశారు. పెద్దాయన బయటికి వచ్చాడు. రెండు చేతుల్లో రెండు కాంటాక్టర్లు, జేబులో బొటనవేలంత ప్లాస్టిక్ ముక్క.

"మోటారు ఒకటే" అన్నాడు. "పైకి తిప్పేది ఒకతె. కిందికి తిప్పేది ఒకతె. ఇద్దరూ ఒకేసారి చెయ్యేస్తే కొంప భస్మం." జేబులోంచి ముక్క తీసి రెండింటి నడుమా పెట్టి నొక్కాడు. ఒక కాంటాక్టరును వేలితో అదిమాడు. "ఇది లేచిందా, అది లేవదు. చూడండి." ఇంజినీరమ్మ రెండోదాన్ని నొక్కి చూసింది. కదల్లేదు. "మధ్యన ఈ గోడ ఉండాలి. కరెంటు దీన్లోంచి పోదు కాబట్టి బొమ్మలో గీత ఉండదు. గీత లేదు కాబట్టి జనం మర్చిపోతారు. అందుకే చుట్టరికంలో కలిపాను. సవతులు ఇద్దరూ వచ్చారంటే గోడ వెంట రావలసిందే."

అంత పొడుగు మాట ఆయన నోట ఎవరూ వినలేదు. మేస్త్రి నోరు తెరిచి అలాగే ఉంచేశాడు.

ఇంజినీరమ్మ ఆ చిన్న ముక్కను అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది.

"వరదేడు నాలుగో గేటు లేవలేదు, గుర్తుందా? నీళ్లు ఇటు మళ్లింది అందుకే" అంది. "మర్నాడు ప్యానెలు తెరిస్తే లోపలంతా మసి. రెండు కాంటాక్టర్లూ అతుక్కుపోయి ఉన్నాయి. మధ్యన ఇది లేదు. మీరు చేసింది కాదులెండి, వేరేవాళ్లది. డ్రాయింగులో లేదు, మేం పెట్టలేదు అన్నారు." ముక్కను పెద్దాయన చేతికి తిరిగిచ్చింది. "అప్పటినుంచీ ఎవరి దగ్గరికి పోయినా ఇదే గీయిస్తున్నాను. నేను అడక్కుండా ఈ ముక్క చీటీలోకి వచ్చింది ఇక్కడే."

యజమాని వైపు తిరిగింది. "ఇరవై రెండు గేట్లూ మీకే. ఒక షరతు. ఈ పేర్లు మార్చొద్దు. మా గేట్ల దగ్గర రాత్రీ పగలూ ఉండే వాళ్లకు అన్నిటికంటే ముందు అర్థమయ్యేవి ఇవే."

ఆమె సంతకం పెడుతుంటే మేస్త్రి ఉండబట్టలేక పరీక్ష బల్ల మీదున్న కాంటాక్టర్లన్నిటికీ కరెంటిచ్చి, లేపి దించి, లేపి దించి వాయించాడు. టకటక టక్. టకటక టక్. హాల్లో వాళ్లంతా స్క్రూడ్రైవర్లతో బీరువాల మీద అందుకున్నారు. కోడలు మెట్ల మీద నిలబడి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. యజమాని ఆమె దగ్గరికి పోయి ఏదో అనబోయాడు.

"సార్! ఆ పైగది తాళం ఇక ఎలాగూ వాడరుగా" అని మేస్త్రి కేకేశాడు. "నాకిచ్చెయ్యండి, నా టూల్సు పెట్టెకు వేసుకుంటాను!"

యజమాని జేబులోంచి తాళం తీసి నిజంగానే విసిరేశాడు. మేస్త్రి గాల్లోనే పట్టుకున్నాడు.

సాయంత్రం బస్సులో కోడలు ఇల్లు చేరేదాకా మాట్లాడుతూనే ఉంది. పెద్దాయన ప్రతి మాటకూ ఊఁ అన్నాడు. దిగబోయే ముందు మాత్రం, "అత్తకు నువ్వే చెప్పు. నాకు గొంతు లేదు" అన్నాడు.

మర్నాడు పొద్దున స్టోరు తెరిచేసరికి గుమ్మంలో కొత్త పెట్టె ఉంది. పెద్దాయన విప్పాడు. వేలి గోరంత ముక్కలు, ముందెప్పుడూ చూడనివి. ఒకటి తీసి కాంటాక్టరు పక్కన పెట్టి చూశాడు, పట్టలేదు. కింద పట్టలేదు. నెత్తిన పెడితే చటుక్కున కూర్చుంది. కాంటాక్టరు పడిపోయేటప్పుడు ఎగిరే మెరుపును మింగడం దాని పని. మిగతా వేళంతా ఊరికే కూర్చుంటుంది.

ముక్కను గుప్పిట్లో పెట్టుకుని పద్నాలుగు మెట్లూ ఎక్కాడు. కోడలు అప్పుడే సంచీ మేకుకు తగిలిస్తోంది. ఆయన్ని గుమ్మంలో చూసి, ఏమీ అడక్కుండా కుర్చీ ఆయన వైపు తిప్పింది.

పెద్దాయన కూర్చున్నాడు. ఆమె ముక్క నంబరు కొట్టి, వరస గడి తెరిచి, పక్కకు జరిగింది. ఆయన చూపుడువేలితో ఒక్కొక్క మీటే వెతికి కొట్టాడు. అలుడు అని పడింది. కాసేపు దాన్ని చూశాడు. వెనక్కి పోయి చెరిపాడు. నిన్న గుర్తుపెట్టుకున్న మీట ఎక్కడుందో లెక్కపెట్టుకుని, రెండు ల ల మధ్య దాన్ని నొక్కాడు.

అల్లుడు.

వత్తు కింద సరిగ్గా దిగింది. పెద్దాయన లేచి, సామాను దించుకోవడానికి కిందికి పోయాడు.